117వ నిమిషానికి ముందు: హొమారె సావా గురించి మాట్లాడుకుందాం

పదో నంబరు
శనివారం, రాత్రి 9:40

మా అక్క కూతురు సెలవులకు మా ఇంటికి వచ్చింది. పద్నాలుగేళ్ల పిల్ల, బడి జట్టులో ఫుట్‌బాల్ ఆడుతుంది. మంచి మ్యాచ్ ఒకటి చూపించు మామయ్యా అని అడిగితే, ఇంకో ఆలోచన లేకుండా 2011 మహిళల ప్రపంచకప్ ఫైనల్ పెట్టాను. జులై 17, ఫ్రాంక్‌ఫర్ట్, జపాన్‌కూ అమెరికాకూ మధ్య. నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మొదలయ్యే ముందే చెప్పాను: జపాన్ జట్టులో పదో నంబరు చొక్కా వేసుకున్న సారథిని చూస్తూ ఉండు. పేరు హొమారె సావా, మిడ్‌ఫీల్డర్. ఆ టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి ఆమే, అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిందీ ఆమే.

గంట గడిచాక పిల్ల నా వైపు తిరిగి, "ఆవిడ ఏమీ చేయడం లేదు కదా మామయ్యా?" అంది.

నాకు జవాబు తోచలేదు. ఇంతలో 69వ నిమిషంలో అలెక్స్ మోర్గాన్ గోల్ కొట్టింది. 81లో అయా మియామా సమం చేసింది. అదనపు సమయంలో, 104వ నిమిషంలో, అబీ వాంబాక్ తలతో కొట్టి అమెరికాను మళ్లీ ముందుకు తెచ్చింది. ఇక ముగిసిందనుకునే వేళ, 117వ నిమిషంలో, మియామా కార్నర్ తీసుకుంటే సావా కుడికాలి బయటి అంచుతో బంతిని మళ్లించి వలలో వేసింది. పిల్ల కుర్చీలోంచి లేచి అరిచింది. పెనాల్టీ షూటౌట్ 3–1తో జపాన్ గెలిచేసరికి దాని కళ్లలో నీళ్లు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, దాని ప్రశ్న వల్ల. 116 నిమిషాల పాటు సావా ఏమి చేసింది? కళ్లెదుట ఉన్నా కనిపించని ఆ పనిని పద్నాలుగేళ్ల పిల్లకు ఎలా చూపించాలి? సావా ఆట తెలిసినవాళ్లు దయచేసి రాయండి.


లెక్కల పుస్తకం
శనివారం, రాత్రి 10:25

నేను కొంచెం వేరేగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ఆ ఫైనల్ రోజు వరకు జపాన్ అమెరికాతో 25 మ్యాచ్‌లు ఆడింది. 22 ఓడింది, 3 డ్రా చేసుకుంది. ఒక్కటీ గెలవలేదు. ఫైనల్లో కూడా తొలి సగమంతా అమెరికాదే. వాళ్ల బంతి పదే పదే పోస్టుకో బారుకో తగిలి వెనక్కి వచ్చింది. అందులో ఒక్కటి లోపలికి వెళ్లి ఉంటే 117వ నిమిషం గురించి ఇవాళ ఎవరూ మాట్లాడరు. షూటౌట్‌లో గోల్‌కీపర్ అయుమి కైహొరి రెండు ఆపింది, కార్లీ లాయిడ్ బంతిని బారు మీదుగా కొట్టింది. చివరి కిక్ వేసి గెలిపించింది 20 ఏళ్ల సాకి కుమగాయ్. జపాన్ తరఫున కిక్ వేసిన నలుగురిలో సావా లేదు.

సావా గొప్ప క్రీడాకారిణి కాదని నేను అనడం లేదు. 205 అంతర్జాతీయ మ్యాచ్‌లు, 83 గోల్స్, రెండూ జపాన్ రికార్డులే. కానీ అదృష్టం కలిసొచ్చిన ఆ ఒక్క గోల్ ఆమె పేరును మోస్తోందేమో అని నా సందేహం. మీ మేనకోడలు నిజాయితీగా అడిగింది. మనమూ అంతే నిజాయితీగా చెప్పాలి కదా.


సగం మైదానం
శనివారం, రాత్రి 11:10

నేను విశ్వవిద్యాలయం జట్టులో మూడేళ్లు మిడ్‌ఫీల్డ్ ఆడాను. లెక్కల పుస్తకం గారూ, పోస్టుకు తగిలిన బంతుల్ని అదృష్టం అనండి, ఒప్పుకుంటాను. ఆ గోల్‌ను మాత్రం అనకండి.

కార్నర్‌కు ముందు అమెరికా గోల్‌కీపర్ హోప్ సోలోకు దెబ్బ తగిలి ఆట కాసేపు ఆగింది. ఆ విరామంలో సావా మియామా దగ్గరకు వెళ్లి, నేను దగ్గరి పోస్టుకు వస్తానని చెప్పింది. మియామా సరిగ్గా అక్కడికే, తక్కువ ఎత్తులో, వేగంగా కొట్టింది. సావా అందరికంటే ముందు అక్కడికి చేరింది. గోల్‌కు దాదాపు వీపు పెట్టి, గాలిలో ఉన్న బంతికి కాలి బయటి అంచు తాకించింది. గట్టిగా కొట్టలేదు, బంతి వేగాన్నే వాడుకుని దిశ మార్చింది. వాంబాక్ లాంటి పొడవైన వాళ్లు నిండిన గోల్ ముందరి పెనాల్టీ బాక్సులో తలల పోటీకి దిగితే జపాన్‌కు దక్కేది ఏమీ లేదు. అందుకే పోటీ లేని చోటును వెతికి పట్టుకుంది. అలసి కాళ్లు లాగుతున్న 117వ నిమిషంలో బుర్ర అంత తేటగా ఉండడం మిడ్‌ఫీల్డర్ పనే.

ఇక పిల్ల అడిగిన 116 నిమిషాల సంగతి. సావా చిన్నప్పటి నుంచీ ముందు ఆడే మిడ్‌ఫీల్డర్. గోల్స్ కొట్టే రకం. 2008లో కోచ్ నొరియో ససాకి ఆమెను వెనక్కి జరిపి, డిఫెన్స్ ముందు ఆడే ఇద్దరిలో ఒకరిని చేశాడు. పక్కన మిజుహో సకాగుచి. అప్పటికి సావాకు 30 ఏళ్లు దగ్గరపడుతున్నాయి. ఆ స్థానంలో ఆడేవాళ్ల మంచి పనికి చప్పుడు ఉండదు. ప్రత్యర్థి పాస్ ఎక్కడికి వస్తుందో ముందే ఊహించి అక్కడ నిలబడితే, ఆ పాస్ అసలు రాదు. రాని పాస్ టీవీలో ఎలా కనిపిస్తుంది? మీ మేనకోడలికి ఒక మాట చెప్పండి: బంతిని చూడడం మానేసి పది నిమిషాలు పదో నంబరునే చూడమనండి. బంతి అవతలి అంచున ఉన్నప్పుడు ఆవిడ ఎటు నడుస్తోందో చూడమనండి.

అంత వెనక ఆడుతూ కూడా టోర్నీలో 5 గోల్స్ కొట్టింది. మెక్సికో మీద హ్యాట్రిక్, సెమీఫైనల్లో స్వీడన్ మీద ఒకటి, ఫైనల్లో ఒకటి. ఉత్తమ క్రీడాకారిణికిచ్చే గోల్డెన్ బాల్, ఎక్కువ గోల్స్‌కిచ్చే గోల్డెన్ బూట్ రెండూ వెనకనుంచి ఆడిన మనిషికి దక్కాయి. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.


గోదావరి గట్టు
ఆదివారం, ఉదయం 7:15

నా వయసు అరవై దాటింది. ఆడవాళ్ల ఆటల చరిత్ర సేకరించడం నా వ్యాపకం. 2011 గురించి అందరూ రాస్తారు. సావా అనగానే నాకు గుర్తొచ్చేవి మాత్రం 1999 తర్వాతి సంవత్సరాలు. దయచేసి ఓపికగా చదవండి.

ఆమె టోక్యో శివార్లలోని ఫుచూలో 1978 సెప్టెంబరు 6న పుట్టింది. అన్న వెంట బంతి తన్నడం మొదలుపెట్టింది. 12 ఏళ్లకే యొమియురి క్లబ్బు మహిళల జట్టు బెలెజాలో చేరింది. 15 ఏళ్లకు, 1993 డిసెంబరులో, దేశం తరఫున మొదటి మ్యాచ్ ఆడి ఫిలిప్పీన్స్ మీద 4 గోల్స్ కొట్టింది. పదో నంబరు గారూ, మీ మేనకోడలికి ఈ వయసులు చెప్పండి.

1995లో స్వీడన్‌లో ఆమెకు తొలి ప్రపంచకప్. జపాన్ బ్రెజిల్‌ను 2–1తో ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది. అక్కడ అమెరికా చేతిలో 0–4. అయినా క్వార్టర్ ఫైనల్ చేరినందుకు 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో చోటు దక్కింది. ఒలింపిక్స్‌లో మహిళల ఫుట్‌బాల్ మొదలైందే అప్పుడు. అక్కడ మూడు మ్యాచ్‌లూ ఓడిపోయారు.

తర్వాత 1999 ప్రపంచకప్. కెనడాతో 1–1, రష్యా చేతిలో 0–5, నార్వే చేతిలో 0–4. తొలి ఎనిమిది జట్లలో లేరు కాబట్టి సిడ్నీ ఒలింపిక్స్ పోయింది. అదే కాలంలో జపాన్ ఆర్థిక మాంద్యంలో ఉంది. మహిళల లీగ్‌ను పోషించిన కంపెనీలు ఒకదాని వెనుక ఒకటి జట్లను మూసేశాయి. ఒలింపిక్స్ లేవు, డబ్బు లేదు, చూసేవాళ్లు లేరు. మన పల్లెల్లో చెరువు ఎండితే కొంగలు పోయినట్టు అందరూ వెళ్లిపోయారు. సావా మాత్రం ఆట మానకుండా ఆ ఏడాది అమెరికా వెళ్లింది. మొదట డెన్వర్‌లో ఆడింది. 2001లో అక్కడ మహిళల తొలి వృత్తి లీగ్ మొదలైనప్పుడు అట్లాంటా బీట్‌లో చేరింది. సున్ వెన్, బ్రియానా స్కరీ, సిండీ పార్లో లాంటి పేరున్న క్రీడాకారిణుల పక్కన ఆడింది. ఆ జట్టు రెండుసార్లు ఫైనల్ చేరింది, రెండుసార్లూ ఓడింది. 2003 సెప్టెంబరులో, ప్రపంచకప్ మొదలవడానికి కొద్దిరోజుల ముందు, ఆ లీగ్ కూడా మూతపడింది.

గమనించండి. పాతికేళ్ల వయసుకు సొంత దేశంలో లీగ్ కుంగిపోవడం చూసింది, పరాయి దేశంలో లీగ్ మూతపడడం చూసింది. ప్రపంచకప్‌లలో ఎక్కువగా ఓటమే చూసింది. అప్పటికి ఆమె ఆట మానేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

2004 ఏప్రిల్ 24న టోక్యో జాతీయ స్టేడియంలో ఉత్తర కొరియాతో మ్యాచ్ జరిగింది. గెలిస్తే ఏథెన్స్ ఒలింపిక్స్, ఓడితే మళ్లీ చీకటి. ఆ జట్టును ఓడించి జపాన్‌కు ఏళ్లు గడిచాయి. సావా మోకాలి లోపలి మృదులాస్థి దెబ్బతిని ఉంది. అయినా నొప్పి మందుతో దిగింది. ఆట మొదలైన వెంటనే ప్రత్యర్థిని భుజంతో ఢీకొని బంతి లాక్కుంది. ఆ ఒక్క పనితో తమ భయం పోయిందని జట్టులోని వాళ్లు తర్వాత చెప్పుకున్నారు. 31 వేల మంది చూస్తుండగా జపాన్ 3–0తో గెలిచింది. ఆ ఏడాదే జట్టుకు "నదేషికో జపాన్" అనే పేరు ప్రజల సూచనల్లోంచి ఎంపికైంది. నదేషికో అంటే ఒక సన్నని గులాబీ రంగు పువ్వు.

నన్ను అడిగితే సావా జీవితానికి మలుపు ఆ ఏప్రిల్ సాయంత్రం. 2011 దాని ఫలం.


నిజామాబాద్ పీఈటీ
ఆదివారం, ఉదయం 11:30

గోదావరి గట్టు గారికి నమస్కారం. మీరు రాసింది రెండుసార్లు చదివాను.

నేను బాలికలకు వ్యాయామం నేర్పుతాను. మా జిల్లా తండాల్లోంచే సౌమ్య గుగులోత్ భారత జట్టుకు వెళ్లింది, 2022లో క్రొయేషియాకు వెళ్లి డినామో జాగ్రెబ్‌లో చేరింది. మా పిల్లలకు ఆ అమ్మాయి "సౌమ్యక్క". అందుకే మా దగ్గర ప్రతి పిల్లా ముందు వరుసలో ఆడాలంటుంది, గోల్ కొట్టాలంటుంది. మధ్యలో ఆడమంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఏదో తప్పు చేస్తే శిక్షగా అక్కడ నిలబెట్టామన్నట్టు చూస్తారు. పదో నంబరు గారి మేనకోడలి ప్రశ్న మా మైదానంలో రోజూ వినేదే.

నేను చేయించే పని ఒకటి చెబుతాను. పిల్ల నాకు వీపు పెట్టి నిలబడుతుంది. ఎదురుగా ఇంకో పిల్ల బంతి పాస్ చేస్తుంది. బంతి కాలికి చేరేలోగా ఆ పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి, నా చేతిలో ఉన్న రుమాలు రంగు గట్టిగా చెప్పాలి. మొదటి రోజు అందరూ బంతినే చూస్తారు. రంగు చెబితే బంతి పోతుంది, బంతి ఆపితే రంగు తెలియదు. రెండు వారాలకు రెండూ వస్తాయి. మూడో వారం నుంచి ఆడేటప్పుడు తల దానంతట అదే తిరుగుతుంది. సావా ఆటలో నాకు కనిపించేది ఈ తల తిరగడమే. బంతి వచ్చాక ఆలోచించదు, అంతకు ముందే ఆలోచన పూర్తయి ఉంటుంది.

మీ మేనకోడలితో ఇంటి ముందే చేయించండి. ఎర్రదీ, పసుపుదీ రెండు గుడ్డముక్కలు చాలు.


వెన్నెల 19
ఆదివారం, మధ్యాహ్నం 2:05

నేను డిగ్రీ చదువుతున్నాను. సావా గురించి ఇంటర్నెట్‌లో చదివిన ప్రతిచోటా భూకంపం, సునామీ గురించే ఉంది. 2011 మార్చి 11న అంత విపత్తు, నాలుగు నెలలకు ప్రపంచకప్. జర్మనీతో క్వార్టర్ ఫైనల్‌కు ముందు ససాకి జట్టుకు విపత్తు చిత్రాలు చూపించాడని చదివాను. అందువల్లే గెలిచారని అంటారు. అది నిజమేనా సగం మైదానం మేడమ్? లేక తర్వాత అల్లిన కథా?


సగం మైదానం
ఆదివారం, మధ్యాహ్నం 3:20

వెన్నెలా, మంచి ప్రశ్న. చిత్రాలు చూపించింది నిజమే. ప్రతి మ్యాచ్ తర్వాత ప్రపంచ మిత్రులకు కృతజ్ఞతలు అని రాసిన పెద్ద బ్యానరు పట్టుకుని మైదానం చుట్టూ నడిచిందీ నిజమే. కానీ దుఃఖం ఒక్కటే మ్యాచ్‌లు గెలిపిస్తుందంటే ఆ పిల్లల చదువునూ చెమటనూ తక్కువ చేసినట్టు అవుతుందని నా బాధ. జర్మనీ సొంతగడ్డ మీద ఆడుతోంది, వరుసగా రెండు ప్రపంచకప్‌లు గెలిచిన జట్టు. 1999 తర్వాత ప్రపంచకప్‌లో ఓడలేదు. అలాంటి జట్టును వోల్ఫ్స్‌బర్గ్‌లో 108వ నిమిషం దాకా ఆపి, అప్పుడు సావా డిఫెన్స్ మీదుగా పంపిన పాస్‌తో కరీనా మరుయామా గోల్ కొట్టింది. ఆ పాస్ ముందు ఇరవై ఏళ్ల సాధన ఉంది.


గోదావరి గట్టు
ఆదివారం, సాయంత్రం 5:00

సగం మైదానం గారితో సగం ఏకీభవిస్తాను. మిగతా సగం ఇది: ఆ గోల్ కొట్టిన మరుయామా ఒకప్పుడు తెప్కో మరీజే అనే జట్టులో ఆడింది. అది సునామీలో దెబ్బతిన్న ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రాన్ని నడిపిన టోక్యో విద్యుత్ సంస్థ జట్టు. ఆమె ఆ అణు కేంద్రంలోనే ఉద్యోగం చేసేది. జట్టులోని అయా సమెషిమా కూడా అదే క్లబ్బు క్రీడాకారిణి, విపత్తుతో ఆ క్లబ్బు ఆగిపోయింది. అంటే వాళ్లకు అది టీవీలో చూసిన విషాదం కాదు, రోజూ పనికి వెళ్లిన చోటు. జపాన్‌లో అప్పటికి మహిళలకు పూర్తి వృత్తి లీగ్ లేదు, అది 2021లో గానీ రాలేదు. జట్టులో చాలామంది క్లబ్బు ఆటతో పాటు ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ వచ్చినవాళ్లే.

అందుకని దుఃఖాన్ని ఆట పక్కన పెట్టలేం, ఆటకు బదులుగానూ పెట్టలేం.


వెన్నెల 19
ఆదివారం, సాయంత్రం 5:40

మరుయామా సంగతి నాకు తెలియదు సార్. చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.


లెక్కల పుస్తకం
ఆదివారం, రాత్రి 8:30

రోజంతా మ్యాచ్‌లు మళ్లీ చూశాను. గోల్ విషయంలో సగం మైదానం గారు చెప్పింది సరైనదే, అదృష్టం అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ఇంకో సంగతి దొరికింది, అది నాకు ఆ గోల్ కంటే నచ్చింది. స్వీడన్‌తో సెమీఫైనల్. పదో నిమిషంలో స్వీడన్ గోల్ కొట్టింది. ఎలా? మధ్యలో సావా వేసిన పాస్ తప్పింది. యోసెఫీన్ ఓక్విస్ట్ దాన్ని అందుకుని నేరుగా వెళ్లి కొట్టింది. ప్రపంచకప్ సెమీఫైనల్, సారథి, 32 ఏళ్లు, తన తప్పుతోనే 0–1. నేను ఆ తర్వాత ఆమె పాస్‌లను జాగ్రత్తగా చూశాను. భయపడి వెనక్కి పాస్ చేయడం మొదలుపెడుతుందేమో అనుకున్నాను. లేదు. మళ్లీ బంతి అడిగింది, మళ్లీ ముందుకే ఆడింది. కవాసుమి సమం చేసింది, 60వ నిమిషంలో సావా తలతో కొట్టి ముందుకు తీసుకెళ్లింది, నాలుగు నిమిషాలకు కవాసుమి దూరం నుంచి గోల్‌కీపర్ మీదుగా మరొకటి వేసింది. 3–1.

మీ మేనకోడలికి ఈ మ్యాచ్ చూపించండి పదో నంబరు గారూ.

ఇక నా పాత ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఆ తరంలో మార్తా ఉంది, 2006 నుంచి 2010 దాకా వరుసగా ఐదుసార్లు ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి. మిడ్‌ఫీల్డ్‌లోనే ఫొర్మీగా ఉంది, ఏడు ప్రపంచకప్‌లు ఆడింది. సావా ఆరు ఆడింది. 2012 లండన్ ఒలింపిక్స్ ఫైనల్, 2015 ప్రపంచకప్ ఫైనల్, రెండూ అమెరికా చేతిలోనే ఓడిపోయింది. వాళ్ల పక్కన సావాను ఎక్కడ నిలబెడతారు?


సగం మైదానం
ఆదివారం, రాత్రి 9:15

ఎవరు ఎవరికంటే ఎత్తు అని కొలవడం నాకు ఇష్టం లేదు. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. మార్తా వరుసను తెంచింది సావానే. 2012 జనవరిలో జ్యూరిక్‌లో మార్తా, వాంబాక్ పక్కనుండగా ఆ బహుమతి ఆమె అందుకుంది, కిమోనో కట్టుకుని. ఆసియా నుంచి ఆ బహుమతి పొందిన మొదటి మహిళ.

ఆ తర్వాతి నెలల గురించి ఎవరూ మాట్లాడరు. 2012 వసంతంలో ఆమెకు తల తిరిగే జబ్బు వచ్చింది. చెవిలోపలి సమతుల్యం దెబ్బతినే రకం. తల తిప్పి వెనక్కి చూడడమే ఆట అయిన మనిషికి తల తిప్పితే లోకం తిరిగింది. ఊహించుకోండి. సారథ్యం అప్పటికి మియామాకు ఇచ్చారు. కోలుకుని లండన్ వచ్చింది, సారథి కాకుండా, మామూలు క్రీడాకారిణిగా. వెంబ్లీలో 80 వేల మంది ముందు ఫైనల్లో 1–2తో ఓడి వెండి పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో జపాన్ మహిళల జట్టుకు అదే మొదటి పతకం.

మియామా సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా. 2008 బీజింగ్‌లో కాంస్య పతకం కోసం జర్మనీతో ఆడే ముందు, కష్టమనిపిస్తే నా వీపు చూడండి అని సావా జట్టుతో చెప్పిందని అంటారు. ఆ మ్యాచ్ 0–2తో ఓడిపోయారు, నాలుగో స్థానం. ఓడినా ఆ మాట జట్టులో నిలిచింది. మూడేళ్లకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో మియామా ఎవరి పరుగు కోసం బంతి కొట్టిందో చూశాం కదా.


కవాసకి తెలుగు
సోమవారం, ఉదయం 6:50

జపాన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈ చర్చ నిన్న రాత్రి చూశాను, రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను ఆమె చివరి మ్యాచ్ స్టేడియంలో కూర్చుని చూశాను.

2015 డిసెంబరు మధ్యలో సావా రిటైర్ అవుతున్నట్టు ప్రకటించింది. మనసూ శరీరమూ రెండూ కలిసి పై స్థాయిలో ఆడడం కష్టమవుతోందని చెప్పింది. ఆ ఏడాదే కెనడాలో ప్రపంచకప్ ఆడింది. దాదాపు ఏడాది జాతీయ జట్టుకు దూరంగా ఉన్నాక తిరిగి పిలిచారు. అమెరికాతో ఫైనల్లో పదహారు నిమిషాల్లోనే 0–4. 33వ నిమిషంలో ఆమెను బరిలోకి దింపారు. మ్యాచ్ 2–5తో పోయింది. అప్పుడు కూడా, ఆమె తలతో కొట్టబోయిన బంతి దగ్గరే అమెరికా డిఫెండర్ సొంత గోల్ వేసుకుంది.

మా ఆఫీసులో పెద్ద వయసు జపాన్ సహోద్యోగి ఒకరు ఉండేవారు. ప్రకటన విని నా దగ్గరకు వచ్చి, జపాన్ మహిళల జట్లు ఆడే సామ్రాజ్ఞి కప్ ఫైనల్ ఇక్కడే తొదొరొకి స్టేడియంలో, వస్తావా అని అడిగారు. అప్పటికి నాకు సావా అంటే పేరు మాత్రమే తెలుసు. డిసెంబరు 27, ఎండ ఉన్నా గాలి కోస్తోంది. ఇరవై వేల మందికి పైగా వచ్చారు. ఆమె క్లబ్బు ఐనాక్ కోబె, ఎదుటి జట్టు అల్బిరెక్స్ నీగాటా. గంట దాటినా గోల్ లేదు. నాకు ఆట పెద్దగా అర్థం కాలేదు, పదో నంబరు గారి మేనకోడలిలాగే ఆవిడ ఎక్కడుందా అని వెతుకుతున్నాను.

78వ నిమిషంలో కార్నర్. సావా పైకి లేచి తలతో కొట్టింది. 1–0. అదే గోల్‌తో కప్పు గెలిచారు.

నా పక్కన మా సహోద్యోగి అరవలేదు. రెండు చేతులూ ముఖం మీద పెట్టుకున్నారు. మ్యాచ్ అయ్యాక స్టేషనుకు నడుస్తూ చెప్పారు: వాళ్ల అమ్మాయి 1990ల చివర్లో ఒక కంపెనీ జట్టులో ఆడేదట. జట్టు మూసేశాక ఆట మానేసింది. సావా ఆడుతున్నంత కాలం వాళ్ల అమ్మాయి ఆమె మ్యాచ్ ఒక్కటీ వదలలేదట. గోదావరి గట్టు గారు నిన్న రాసింది చదివినప్పుడు ఆ నడక నాకు గుర్తొచ్చింది. అప్పుడు ఆయన ఏమి చెబుతున్నారో నాకు పూర్తిగా తెలియలేదు.


గోదావరి గట్టు
సోమవారం, ఉదయం 8:10

కవాసకి తెలుగు గారూ, మీరు రాసినది ప్రింటు తీసి దాచుకుంటున్నాను. ఆట వదిలేసిన వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. మీ సహోద్యోగికి వీలైతే నా నమస్కారం చెప్పండి.


లెక్కల పుస్తకం
సోమవారం, ఉదయం 9:00

నా లెక్కలోకి ఇంకో వరుస చేర్చాను. దేశం తరఫున తొలి మ్యాచ్ 1993 డిసెంబరు, మొత్తంగా చివరి మ్యాచ్ 2015 డిసెంబరు. 22 ఏళ్లు. తొలి మ్యాచ్‌లో గోల్, చివరి మ్యాచ్‌లో గోల్. మొదటిది దేశానికి, చివరిది క్లబ్బుకు.


నిజామాబాద్ పీఈటీ
సోమవారం, సాయంత్రం 6:45

ఈ రోజు సాయంత్రం మా పిల్లలకు నా ఫోనులో 117వ నిమిషం గోల్ చూపించాను. పద్దెనిమిది మంది ఒక చిన్న తెర చుట్టూ. మూడోసారి చూశాక ఒక పిల్ల, ఇంతవరకు మధ్యలో ఆడనంటూ ఏడ్చిన పిల్లే, "సార్, బంతి కొట్టకముందే ఆమె పరుగు మొదలుపెట్టింది కదా" అంది. ఎవరికి చెప్పి మొదలుపెట్టిందో నేను చెప్పాను. రేపటి నుంచి కార్నర్లు వేసే ముందు ఇద్దరిద్దరు గుసగుసలాడుకుంటామని అంటున్నారు. మా దగ్గర ఉన్నది సగం గడ్డి, సగం కంకర ఉన్న నేల, గీతలు సున్నంతో మేమే వేసుకుంటాం. అక్కడే వేస్తారు.


పదో నంబరు
సోమవారం, రాత్రి 10:20

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇన్ని మాటలు వస్తాయని అనుకోలేదు.

ఉదయం మేడ మీద రుమాళ్ల ఆట మొదలుపెట్టాం. తొలి అరగంట పిల్లకు కోపం వచ్చింది, బంతి రెండుసార్లు పక్కింటి పెరట్లో పడింది. సాయంత్రానికి పదింటిలో నాలుగు రంగులు సరిగ్గా చెప్పింది.

తర్వాత ఫైనల్ తొలి సగం మళ్లీ పెట్టాను. ఈసారి తెర మీద బంతి ఉన్న చోటును చూడకుండా పదో నంబరునే చూడాలని ఒప్పందం. చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు వేలు పెట్టి చూపించింది: "చూడు మామయ్యా, బంతి అటు పక్క ఉంటే ఆవిడ ఇటు చూస్తోంది. మళ్లీ చూస్తోంది. బంతి వచ్చేసరికి అక్కడే ఉంది." నేను ఎన్నేళ్లుగానో చూస్తున్న మ్యాచ్‌లో నాకు ఎప్పుడూ కనిపించని పరుగు ఒకటి దాని వేలి చివర కనిపించింది.

లెక్కల పుస్తకం గారు చెప్పిన స్వీడన్ మ్యాచ్ రేపు చూస్తాం. సావా తప్పు పాస్ సంగతి ముందే చెప్పేశాను. పదో నిమిషం దగ్గర నన్ను మాట్లాడొద్దంది. ఆ తప్పు తర్వాత ఆమె వేసే మొదటి పాస్ ఎటు వెళ్తుందో తనే చూడాలట.